లేక్ వ్యూ ఇల్లు సరే, ఆ కట్ట ఎవరిది?

ఎడిటర్ గారికి,

అమెరికాలో మనవాళ్లు ఇళ్లు కొనడం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని మా అమ్మ ఫోటో తీసి పంపితే, ఇక్కడ అట్లాంటా దగ్గర కమింగ్‌లో కూర్చుని చదివాను. లేక్ వ్యూ ఉంటే రేటెక్కువ అన్నారు. నిజమే, ఆ ఎక్కువ రేటు పెట్టినవాణ్నే నేనూ. కానీ ఈ లేక్‌లు చాలాచోట్ల ఎప్పుడో ఏ రైతో వాగుకి అడ్డంగా మట్టి పోసుకున్న చెరువులు, తర్వాత భూమి ప్లాట్లయ్యాక కట్ట కాలనీ అసోసియేషన్‌కి వచ్చిపడుతుంది. అంటే ఓనర్లం మనమే. ఈ సంగతి నాకు కొన్న మూడేళ్లకి తెలిసింది!

జార్జియాలో 25 అడుగుల ఎత్తున్నా, 100 ఎకరాల్లో అడుగు లోతున నిలిచేంత నీళ్లు పట్టినా ఆ కట్టకి కేటగిరీ ఇస్తారు. తెగితే కింద ప్రాణాలు పోతాయనుకుంటే 1, లేకపోతే 2. అందరూ పొరబడేది ఇక్కడే, ఆ నంబరు కట్ట గట్టిదో కాదో చెప్పదు, కింద ఎవరున్నారో చెబుతుంది. మా కట్ట కింద మొన్నటిదాకా పశువులు మేసే బీడు, అందుకే 2. ఇప్పుడక్కడ టౌన్‌హోమ్స్ లేస్తున్నాయి. కట్ట అంగుళం కదలకపోయినా రేపు 1 అవుతుంది, అప్పుడు ఇంజనీరు, పెద్ద అలుగు, ఆ ఖర్చంతా మా నెత్తినే, బిల్డరు ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోతాడు.

చాదస్తం అనుకునేవాళ్లు టొకోవా జలపాతం గుర్తు తెచ్చుకోండి, ఇక్కడి తెలుగువాళ్లం వీకెండ్‌కి వెళ్లి ఫోటోలు దిగేదే. దానిపైన కెల్లీ బార్న్స్ అనే మట్టికట్ట ఉండేది, కింద ఉన్న బైబిల్ కాలేజీ సొంతం. మొదట కరెంటు కోసం, 1957 తర్వాత ఊరికే సరదాకి. 1977 నవంబర్ 6 రాత్రి ఒకటిన్నరకి, వానలకి నానినానీ తెగి, 186 అడుగుల మీంచి నీళ్లు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. 39 మంది పోయారు, దాదాపు సగం పిల్లలే. నాలుగేళ్ల ముందటి ఫోటోలోనే కట్ట వెనక వాలు జారి ఉంది. చూసి అడగడానికి రాష్ట్రంలో అప్పటికి చట్టమే లేదు, 1978లో వచ్చింది.

మొన్న మా నాన్న వచ్చారు. చెరువు కింద సేద్యం చేసిన మనిషి, రెండోరోజు వాకింగ్ నుంచి వస్తూనే "కట్ట మీద అంత లావు చెట్లేంట్రా, కింద ఊట కూడా ఉంది" అన్నారు. వెళ్లి చూస్తే తొడలావు పైన్ చెట్లు. అవి చచ్చి వేర్లు కుళ్లితే నీటికి లోపల దారి దొరికినట్టే. ఊట తేటగా ఉంది కాబట్టి సరిపోయింది, బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందనే. మీటింగ్‌లో చెబితే ఒకావిడ, చెట్లు కొట్టేస్తే ప్రైవసీ పోతుందన్నారు.

వరద మ్యాపులో మన ఇల్లు లేదులే అనుకోవద్దు, అందులో సాధారణంగా కట్ట తెగడం లెక్కలోకి రాదు. కొనేముందు కేటగిరీ ఏదో, అసోసియేషన్ రిజర్వ్ ఫండ్‌లో కట్టకి ఎంత పెట్టారో అడగండి. మావాళ్లు స్విమ్మింగ్ పూల్‌కి పెట్టారు, టెన్నిస్ కోర్టుకి పెట్టారు, కట్టకి సున్నా.

– ఒక పాఠకుడు, కమింగ్, జార్జియా