ఆ కాంటా లగామ్ కొనకు

దేగ్లూర్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ దోస్త్,

నీ ఉత్తరం నిన్న అందింది. చెల్లెలి పెళ్లి సంబంధం, పొలం పంచాయితీ, వాటి గురించి వేరే రాస్తాను. ముందు నీ గుర్రం మొండికేస్తున్న సంగతి. ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశావు చూడు, "సవారీ నేర్పే ఆయన కాంటా లగామ్ వేస్తే దానంతటదే దారికొస్తుందంటున్నాడు, తెప్పిస్తున్నా" అని. అది చదివాక నిద్ర పట్టలేదు. కాంటా లగామ్ అంటే ముళ్ల కళ్లెం, తెప్పించకు. డబ్బు ఇచ్చేసి ఉంటే పోనీ అనుకో, గుర్రం నోట్లో మాత్రం పెట్టకు. ముళ్ల కళ్లేలు వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. చట్టం మాట అలా ఉంచు. కళ్లెం ఆనేది ముందు పళ్లకీ వెనక దవడ పళ్లకీ మధ్య ఖాళీగా ఉండే చిగురు మీద. అక్కడ ఎముక మీద ఉండేది పల్చటి చర్మమే. ఇప్పటికే ఎక్కడో బాధపడుతున్న గుర్రానికి అక్కడ ముళ్లు గుచ్చితే అది ఆగుతుంది, తిరుగుతుంది, నిజమే. ఎందుకు మొండికేసిందో మాత్రం నీకు ఇక ఎప్పటికీ తెలియదు.

మా చిన్నాన్న గుర్రం శేవంతి నీకు గుర్తుందా? మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్న తెల్ల నుక్రా. కొన్నప్పుడు పిల్లలు ఎక్కినా కదిలేది కాదు. వానాకాలం వెళ్లేసరికి తీరు మారిపోయింది. తంగ్, అదే జీను జారకుండా పొట్ట కింద కట్టే పట్టీ, బిగిస్తుంటే చెవులు వెనక్కి వేసి కరవడానికి రావడం, దుల్కీలోకి, అంటే నడకకీ దౌడుకీ మధ్య పరుగులోకి, అదిలిస్తే తల ఎగరేయడం, ఎడమవైపు తిప్పితే మెడ బిగపట్టి నిలబడిపోవడం. ఒకరు దిష్టి అన్నారు, నిమ్మకాయలు కట్టారు. ఇంకొకరు ఎదకొచ్చింది, అందుకే అన్నారు. ఈ రెండో మాట తీసిపారేసేది కాదు. ఆడగుర్రం ఎదకు వచ్చేది సుమారు 21 రోజులకోసారి, ఉండేది ఐదు నుంచి ఏడు రోజులు. ఆ రోజుల్లో కొన్నింటికి చిరాకు ఉంటుంది. కానీ శేవంతి రోజూ అలాగే చేసేది. రోజూ ఉండేది ఎద ఎలా అవుతుంది? నీ దగ్గరున్నది కూడా ఆడగుర్రమే కాబట్టి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటూ పో, ఆ అనుమానం తేలిపోతుంది.

నేను ఎక్కడం ఆపి, కింద నిలబడి చూడటం మొదలుపెట్టాను. ముందు చిన్నాన్నను ఎక్కించి నడిపించి, తర్వాత జీను విప్పి వీపు చూశాను. వీపంతా చెమట, మూపుకి ఎడమపక్కన మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది. చూడగానే అక్కడ బాగుంది అనిపిస్తుంది కానీ సంగతి తిరగబడి ఉంటుంది. జీను అక్కడ ఎంత గట్టిగా నొక్కిందంటే చెమట కూడా పట్టనివ్వలేదు. వేలి కొసలతో వెన్నుకి అటూ ఇటూ నొక్కుకుంటూ పోయాను. అక్కడికి రాగానే చర్మం జలదరించి, వీపు కిందికి దించేసింది. జీను తిరగేసి తడిమితే ఒకవైపు దూది వానకు తడిసి గడ్డలు కట్టి ఉంది. ఇలా నొక్కుడు పడ్డ చోట కొన్నాళ్లకు తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. తెల్ల గుర్రం కదా, శేవంతికి అవి కనిపించవు. నీది కుమ్మైత్, ఎర్ర గోధుమ రంగుది, నీకు ఇట్టే కనిపిస్తాయి. రేపు పొద్దున్నే వెలుతురులో చూడు.

నీ జీను పొడవు మీద కూడా నాకు అనుమానం. గుర్రానికి 18 జతల పక్కటెముకలు. చివరి పక్కటెముక దాటి జీను వెనక్కి పోతే నీ బరువు నడుం మీద పడుతుంది, అక్కడ ఆసరాగా ఎముకల గూడు ఉండదు. కాన్పూర్ నుంచి తెప్పించిన జీను మంచిదే కావచ్చు, నీ గుర్రం వీపు కొలిచి కుట్టింది కాదు కదా. నీ బరువు గురించి కూడా అడుగుతాను, ఏమీ అనుకోకు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని సాధారణంగా చెప్తారు. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలు. ఎప్పుడూ ఒకే రికాబు (కాలు పెట్టుకునే కొక్కెం) మీద బరువు వేసి కూర్చునే అలవాటు ఉంటే గుర్రం ఒకవైపు తిరగడానికి ఇష్టపడదు. నువ్వు వెళ్తుంటే వెనక నుంచి ఎవరినైనా చూడమను.

జీనులో దూది మార్పించాక తంగ్ దగ్గర కరవడం తగ్గింది. చిన్నాన్న ఇక అంతా అయిపోయిందన్నాడు. కానీ ఎడమవైపు తిప్పితే తల ఎగరేయడం అలాగే ఉంది. ఇక్కడే చాలామంది, "జీను కూడా బాగుచేశాం, ఇంకేం, ఇది పొగరే" అనేస్తారు. ఒక నొప్పి ఉన్నంత మాత్రాన ఇంకోటి ఉండకూడదని ఏమీ లేదు దోస్త్.

దొరికింది తొట్టి దగ్గర. జొన్నచొప్ప తిని వెళ్లాక అడుగున కోడిగుడ్డంత తడి ముద్దలు మిగులుతున్నాయి, సగం నమిలి వదిలేసినవి. పేడ చిదిమి చూస్తే ఉలవలు ఉలవలుగానే ఉన్నాయి. అంటే నమలలేకపోతోంది. గుర్రం పై దవడ కింది దవడ కంటే వెడల్పు. అది పక్కకు నూరుతూ నములుతుంది. పళ్లు ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూనే ఉంటాయి, అరుగుతూనే ఉంటాయి. అరగని అంచులు మాత్రం పదునుగా మిగిలిపోతాయి, పైపళ్లకు చెంప వైపు, కిందిపళ్లకు నాలుక వైపు. ముఖపట్టీ బిగించి పగ్గం లాగితే చెంప వెళ్లి ఆ అంచుకే ఒరుసుకుంటుంది.

ఉద్గీర్ పశువైద్య కళాశాలకు టెంపోలో తీసుకెళ్లాం. డాక్టరు మత్తిచ్చి, నోటికి ఇనుప చట్రం పెట్టి, టార్చి వేసి నన్ను కూడా చూడమన్నాడు. ఎడమ చెంప లోపల రూపాయి బిళ్లంత పుండు, దానికి ఎదురుగా కత్తి అంచులా పన్ను. ఆకురాయి పెట్టి అరగదీస్తుంటే కాలిన వాసన వచ్చింది. మొదటి దవడ పన్ను ముందు, కళ్లెం తగిలే చోట, తోడేలు పన్ను అనే ఒక చిన్న అదనపు పన్ను కూడా ఉంటే పీకేశాడు. పుండు మానేదాకా కళ్లెం పెట్టొద్దన్నాడు, మేం పెట్టలేదు.

నీ గుర్రానిది కూడా పళ్లే అని నేననడం లేదు. నువ్వు రాసిన దాంట్లో నాకు ముందు కడుపు మీద అనుమానం వస్తోంది. పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకెళ్తావు, సాయంత్రం ఒకేసారి దాణా పోస్తావు, కదా? గుర్రం కడుపులో యాసిడ్ రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. కడుపు పైభాగానికి యాసిడ్‌ను తట్టుకునే పొర లేదు, ఖాళీ కడుపుతో దుల్కీ పట్టిస్తే యాసిడ్ అక్కడికి చిందుతుంది, పుండ్లు పడతాయి. అప్పుడు పొట్ట కింద తంగ్ బిగిస్తే కాలు విసరక ఏం చేస్తుంది? పొద్దున్నే బయటికి తీసే ముందు కాస్త ఎండుగడ్డి వెయ్యి. ఇది రేపటి నుంచే మొదలుపెట్టు, ఇందులో నష్టం ఏమీ లేదు.

కాలువ గట్టు దిగేటప్పుడు ఆగిపోతోందన్నావే, అది కాళ్ల వైపు వేలు చూపిస్తోంది. దిగేటప్పుడు బరువంతా వెనక మోకాళ్లు, నడుం కాయాలి. జీను లేకుండా, తాడు వదులుగా పట్టించి, తారురోడ్డు మీద దుల్కీలో పరిగెత్తించి పక్క నుంచీ ఎదురుగానూ చూడు. ముందుకాలు నొప్పి అయితే ఆ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి వంగుతుంది. వెనకకాలు అయితే ఒక పక్క తుంటి ఎక్కువ ఊగుతుంది. మనిషి ఎక్కినప్పుడు మాత్రమే కుంటే గుర్రాలూ ఉన్నాయి, కాబట్టి రెండు రకాలుగానూ చూడాలి. ఇంగ్లండ్ డాక్టరమ్మ స్యూ డైసన్ 2018లో సవారీ గుర్రాల కోసం 24 లక్షణాల పట్టిక ఒకటి ఇచ్చింది. చెవులు వెనక్కి వేసి ఉంచడం, మాటిమాటికీ తోక విసరడం, నోరు తెరిచి పెట్టడం, అలాంటివి. ఎనిమిది కానీ అంతకంటే ఎక్కువ కానీ కనిపిస్తే ఎముకలు, కీళ్లు, కండరాల్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. నీ ఉత్తరంలో నువ్వే ఐదు రాశావు, వెతక్కుండానే.

అనుమానం తేలకపోతే డాక్టరు కొన్ని రోజులు నొప్పి మందు ఇచ్చి చూస్తాడు. గుర్రం మారితే నొప్పే అన్నమాట. మారకపోయినా నొప్పి లేదని ఖాయం కాదు, కొన్ని నొప్పులు ఆ మందుకు లొంగవు. ఈ పని నువ్వు మెడికల్ షాపు మందులతో చెయ్యకు, కడుపు పుండ్లు ఉంటే ఆ మందులతోనే ముదురుతాయి. ఇంకోటి, అన్నీ ఒకేసారి మార్చకు. జీను, కళ్లెం, దాణా ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

నొప్పి పోయిన మర్నాడే మామూలవుతుందని అనుకోకు. శేవంతి పుండు మానాక కూడా ఎడమవైపు తిప్పబోతే ముందే తల ఎత్తేది. ఇంకా నొప్పిస్తుందేమో అని భయం. చిన్నాన్న కళ్లెం లేకుండా మెడతాడుతో నడిపించి, పెద్ద పెద్ద మలుపులు తిప్పి, తిరిగినప్పుడల్లా మెడ నిమిరి వదిలేవాడు. ఇప్పుడు సంత రోజు గుంపులో కూడా ఎటు తిప్పితే అటు వస్తుంది.

నువ్వు వెంటనే చేయాల్సింది ఒక్కటే. ఎక్కడం ఆపి, నేను చెప్పినట్టు తారురోడ్డు మీద వీడియో తీసి ఫోన్‌కి పంపు. లాడాలు వేసి ఎన్ని వారాలైందో కూడా రాయి, ఎనిమిది దాటితే ముందు నాల్‌బంద్‌ను పిలిపించు. డాక్టరు అవసరమైతే మద్నూరు దాకా తీసుకురా, అక్కడి నుంచి ఉద్గీర్‌కు చిన్నాన్న టెంపో పంపిస్తానంటున్నాడు.

నీ
దేగ్లూర్ దోస్తు