నవంబరులో మా దగ్గర టమాటా నారు కొన్నవారికి

నవంబరు మొదటి వారంలో మా నర్సరీ నుంచి టమాటా నారు తీసుకెళ్లినవారికి ఒక సంగతి చెప్పాలి. ఆ నారు ముదిరిపోయింది. ముదిరిందని తెలిసే అమ్మాను.

సెప్టెంబరు రెండో వారంలో నలభై ట్రేలు విత్తాం. ట్రేకు 98 గుంటలు. టమాటా నారు ఇరవై అయిదు, ముప్ఫై రోజులకు ట్రే ఖాళీ చేయాలి. దసరా దాటగానే మీరంతా వస్తారని మా లెక్క. ఈలోగా వాన పట్టుకుంది. కడియం రోడ్డు మీద పూలమొక్కలు ఎత్తుకునే లారీలు తప్ప మిద్దె తోటలవారు ఒక్కరూ కనిపించలేదు. షేడ్‌నెట్ కింద వెలుతురు చాలక, ఒకదాన్నొకటి తోసుకుంటూ మొక్కలు జానెడు సాగాయి. అప్పుడే కవర్లలోకి మార్చి ఉండాల్సింది. మూడున్నర వేల మొక్కలకు కవర్లు, మట్టి, కూలి లెక్క వేసి చూసి, వాన వెలిస్తే అవే అమ్ముడుపోతాయిలే అనుకున్నాను. పోయాయి కూడా. కొన్ని ట్రేలలో మొగ్గ కనిపిస్తే, "చూడండి, అప్పుడే పూతకొచ్చింది" అని చూపించి మరీ అమ్మాను. చెంచాడు కొబ్బరి పొట్టులో ఇరుక్కున్న మొక్క మొగ్గ తొడిగిందంటే సంతోషించాల్సిన పని లేదు. వేరుకు చోటు చాలక, పెరగడం మానేసి, చచ్చేలోపు నాలుగు గింజలు మిగల్చాలని తొందరపడుతోందని అర్థం.

మొన్న రామచంద్రపురం నుంచి ఒక టీచరమ్మగారు ఫోన్ చేశారు. "ఎనిమిది మొక్కలు, మూడు పువ్వులు, కాయ సున్నా. మీరు నారు ఇచ్చారా బాబూ, అగరుబత్తీలు ఇచ్చారా?" అన్నారు. మర్నాడు ఒక మొక్కను పీకి, తడి కాగితంలో చుట్టుకుని స్వయంగా తెచ్చారు. బల్ల మీద పెట్టి మట్టి దులిపాను. నాటి మూడు వారాలైనా వేరుముద్ద ఇంకా ట్రే గుంట ఆకారంలోనే ఉంది. అడుగున వేళ్లు చాప అల్లినట్టు చుట్టలు తిరిగి, బయటి మట్టిలోకి నాలుగు పోగులు మాత్రం పంపాయి. కాడ మీద మాత్రం మట్టికి కాస్త పైన సన్నటి బుడిపెలు వరసగా ఉన్నాయి. అవి వేళ్లు కాబోయేవి. తడిమట్టి తగిలితే చాలు, వేరు పోస్తాయి. టమాటాలో నాకు నచ్చే గుణం ఇదే. మిరపకు ఈ గుణం ఇంతగా లేదు.

అందుకని మీ మొక్కలు ఇంకా పచ్చగానే ఉంటే పీకి పారేయకండి. కుండీ అంచు దాకా ఖాళీ ఉంటే, కింది ఆకులు గిల్లేసి, పై నాలుగైదు ఆకులు మిగిలేలా కాడ చుట్టూ మట్టి నింపండి. నేలలో నాటినవారు మట్టి ఎగదోయండి. ఉన్న పూత తుంచేయండి, మనసొప్పకపోయినా సరే. పది, పదిహేను రోజుల్లో కొత్త చిగురు లావుగా రాకపోతే ఆ మొక్క మీద ఆశ వదులుకోవచ్చు. వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా కొన్నవారు మాత్రం ఇలా చేయవద్దు. అంటు మట్టిలోకి వెళితే పైకాడ సొంత వేళ్లు పోస్తుంది, అంటుకు పెట్టిన డబ్బు దండగ.

మట్టి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పంతా నాది కాదు. చాలామంది వరిచేను మట్టి తెచ్చి కుండీ నింపుతున్నారు. అది వరికి బంగారం, కుండీలో బంక. నీరు పట్టి ఉంచుకుంటుంది, వేరుకు గాలి ఆడదు. గోదావరి లంక మట్టి తేలికే గానీ నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి పైన అప్పడంలా గట్టిపడుతుంది. మేం కవర్లకు ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలుపుతాం. కోనసీమలో పొట్టుకు కొదవ లేదు, కానీ కొత్త పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడు నీళ్లలో నానబెట్టి, పిండాకే వాడాలి, లేదంటే ఆకు అంచులు మాడతాయి.

మొక్క మార్చేటప్పుడు ఆకు పట్టుకోండి, కాడ పట్టుకోవద్దు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. నీళ్లు పొద్దున పోయండి. వేలు ఒక కణుపు దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే. ఈ మంచులో సాయంత్రం తడిపితే లేత నారు మొదలు దగ్గర కుళ్లి పక్కకు వాలిపోతుంది.

ఇంకొకటి, నవ్వకండి. చుట్ట కాల్చే చేత్తో టమాటా మొక్క ముట్టుకోవద్దు. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ చావదు, చేతి నుంచి మొక్కకు అంటుతుంది. లంక పొగాకు పండిన గడ్డ మీద ఈ మాట చెప్పడం కష్టమే. మా దగ్గర పనిచేసే పెద్దాయన సబ్బుతో చేతులు కడిగాకే ట్రేల దగ్గరికి వస్తాడు, గొణుక్కుంటూనే.

ఇక లెక్కల సంగతి. నవంబరు మొదటి వారంలో నారు కొన్నవారందరికీ ఎన్ని మొక్కలు కొంటే అన్ని, కవరులో పెంచినవి, డిసెంబరు మొదటి వారంలో ఉచితంగా ఇస్తాను. అక్టోబరు మూడో వారంలో విత్తి, వేళకు కవర్లలోకి మార్చిన మొక్కలివి. మొదటి జంట ఆకుల దాకా కాడను మట్టిలో దింపాం. ఇప్పుడు రోజూ కాసేపు ఎండకు అలవాటు చేస్తున్నాం. సంక్రాంతి పప్పులోకి కాయ అందదు, అబద్ధం చెప్పను. ఫిబ్రవరి మధ్యకు కోతకు వస్తుంది, పూత రాలే ఎండలు ముదిరేలోపు మంచి కాపే తీయవచ్చు. ఇచ్చేటప్పుడే ఆకు ముడుచుకుని ఉంటే మార్చి ఇస్తాను. మీ ఇంట్లో తెల్లదోమ పట్టి, తర్వాత ముడత వస్తే దానికి నేను పూచీ కాదు. ఆ ముడత తెచ్చే వైరస్‌కు మందు లేదు, మొక్క పీకేయడమే.

ఇకపై ట్రే నారు ముప్ఫై రోజులు దాటితే అమ్మను. రెండు రూపాయల నారు వేళకు వచ్చినవారికే. ఆలస్యమైతే కవరు మొక్క పదిహేను రూపాయలు. ఎక్కువేనని నాకూ తెలుసు. కవరు, మట్టి, కూలి పోగా మిగిలేది అయిదులోపే.

రసీదు అక్కర్లేదు, పాత మొక్కలూ తేనక్కర్లేదు. ట్రేలతో సహా తీసుకెళ్లినవారు మాత్రం ఆ ట్రేలు తెచ్చి ఇవ్వండి. ఆరు లెక్క తేలడం లేదు.