మంచు కొండకి మధ్యాన్నం పూట తీసుకెళ్ళకండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నరసన్నపేట దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైర్ అయ్యాను. ఇన్నేళ్ళుగా మీ పేపర్ చదువుతున్నాను గానీ ఉత్తరం రాయడం ఇదే మొదలు, కొంచెం పెద్దదైంది, చోటు లేకపోతే కోసుకోండి గానీ టైం గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

మార్చి నెలాఖర్న మా అమ్మాయి, అల్లుడు, మనవడు, మా వియ్యంకుడు వియ్యపురాలు, మేమిద్దరం కలిసి కశ్మీర్ వెళ్ళొచ్చాం. హైదరాబాద్ స్కూళ్ళలో పరీక్షలు అయిపోయి కొత్త క్లాసు మొదలయ్యేలోపు ఓ వారం దొరుకుతుంది కదా, ఆ వారంలోనే మన వైపు నుంచి కూడా చాలామంది బయల్దేరుతున్నారు, శ్రీనగర్ ఎయిర్‌పోర్టులో మన యాస వినపడి వెనక్కి తిరిగితే రాజాం వాళ్ళు ఒక కుటుంబం, పార్వతీపురం వాళ్ళు ఇంకో కుటుంబం. అందరూ మంచు కోసమే. మాకు ఇక్కడ మంచంటే పొగమంచే, మహా అయితే లంబసింగి వెళ్ళి తెల్లారగట్ల గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూసి వస్తాం. మా గుంటడికి తొమ్మిదేళ్ళు, వాడికి స్కీయింగ్ చెయ్యాలని రెండేళ్ళ నుంచి ఒకటే గొడవ.

ట్రావెల్స్ వాళ్ళు మాకిచ్చిన ప్లాన్ కాగితం ఇలా ఉంది. పొద్దున్న తొమ్మిదికి శ్రీనగర్ హోటల్లో టిఫిన్, అక్కణ్ణుంచి గుల్మార్గ్. దూరం చూస్తే 50 కిలోమీటర్లే గానీ దారిలో టంగ్‌మర్గ్ దగ్గర ఆపి పొడుగు కోట్లు, గమ్‌బూట్లు అద్దెకి తీసుకోవాలి, వేరే బండి మారాలి, అక్కడ బేరాలు, గోండోలా, అంటే తీగ మీద కొండెక్కించే రోప్‌వే, దాని దగ్గర క్యూ, మొత్తానికి మనవాడి కాళ్ళకి స్కీలు కట్టేసరికి మధ్యాన్నం రెండైంది. ఎండ చుర్రుమంటోంది. అద్దెకి తెచ్చిన కోటు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాను నేను.

ఆ మంచు ఎలా ఉందంటే బాగా నీళ్ళెక్కువైన ఇడ్లీ పిండిలా ఉంది. స్కీలు జారాల్సింది పోయి కూరుకుపోతున్నాయి. మా గుంటడు ఇరవై నిమిషాల్లో ఆరేడుసార్లు పడ్డాడు, సాక్సుల దాకా తడిసిపోయి ఏడుపు మొహం పెట్టాడు. మా అల్లుడు నేను చూపిస్తా అని దిగి తిరగబోతే స్కీ ఆ తడి మంచులో ఇరుక్కుని ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది, మోకాలు మెలిపడింది. అదృష్టం బాగుండి ఎముకేం విరగలేదు గానీ మిగతా ట్రిప్పంతా కుంటుకుంటూనే తిరిగాడు. స్కీయింగ్ నేర్పించే పెద్దాయన, అరవై ఏళ్ళు ఉంటాయి, అందరూ చాచా అంటున్నారు, ఆయన నా పక్కకొచ్చి హిందీలో మెల్లిగా చెప్పాడు, మీరు రావాల్సిన టైం ఇది కాదు మాస్టర్జీ, ఈ నెలలో మంచు పొద్దున్న పూటే మంచు, మధ్యాన్నానికి నీళ్ళు, మీ వాళ్ళు అందర్నీ ఇప్పుడే పంపిస్తారు, నేను పిల్లలకి ఏం నేర్పను అని. ఆయనకి డబ్బులు ముట్టాయి, అయినా బాధపడ్డాడు.

ఆ రాత్రి మేం శ్రీనగర్ వెనక్కి వెళ్ళలేదు. ట్రావెల్స్ వాళ్ళతో కొంచెం గట్టిగానే మాట్లాడి, ఎగస్ట్రా డబ్బులు కట్టి గుల్మార్గ్‌లోనే ఉండిపోయాం. పొద్దున్న ఏడున్నరకి వెళ్తే అదే చోటు, అదే మంచు, కాలు పెడితే సిమెంటు చపటాలా టకటకమంది. ఇప్పుడే వద్దు, జారితే ఆగరు, ఇంకాసేపు ఆగండి అన్నాడు చాచా. తొమ్మిది దాటాక ఎండ తగిలి పైన రెండు వేళ్ళ మందం మాత్రం వదులైంది, కింద గట్టిగానే ఉంది. చేత్తో తీసి చూస్తే అచ్చం మన నౌపడ ఉప్పుగల్లే! గుండ్రంగా, పెద్ద పెద్ద గింజలు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతున్నాయి. దాని మీద మా గుంటడు పడలేదా అంటే పడ్డాడు, కానీ లేచాడు, జారాడు, పదిన్నరకల్లా వాడంతట వాడు చిన్న వాలు మొత్తం దిగి కింద చేతులు పైకెత్తి నిలబడ్డాడు. పదకొండు దాటేసరికి మళ్ళీ ఇడ్లీ పిండి. చాచా స్కీలు కట్ట కట్టేసి ఉప్పు టీ తాగడానికి వెళ్ళిపోయాడు. అంటే రోజు మొత్తానికి సరైన మంచు రెండు గంటలే ఉంది, మా కాగితంలో ఆ రెండు గంటలూ మేం శ్రీనగర్ హోటల్లో పూరీ తింటూ, తర్వాత బండిలో కూర్చుని ఉండాలి.

తాటినీరా తెల్లారకముందు దించి తాగితే అమృతం, ఎండెక్కితే పులిసిపోతుంది. ఆ సంగతి తెలిసిన మనకి ఇది ఎవరైనా ఒక్క మాట చెప్తే చాలు, ఇట్టే అర్థమవుతుంది. చెప్పేవాళ్ళే లేరు.

గ్రాము మంచు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి, ఆ నీరు మళ్ళీ గడ్డ కట్టాలంటే అంత వేడినీ బయటికి వదలాలి అని పదో తరగతి పిల్లలకి ఎన్ని ఏళ్ళు చెప్పానో. అది కొండ మీద ఇలా కళ్ళ ముందు జరుగుతుందని నాకూ అక్కడే తట్టింది. పగలంతా ఎండకి పై పొర కరుగుతుంది, రాత్రి ఆకాశం తేటగా ఉంటే ఆ వేడంతా పైకి పోయి మళ్ళీ గట్టిపడుతుంది, ఇలా రోజూ కరుగుతూ కడుతూ ఉంటే చిన్న పలుకులు పోయి పెద్ద గింజలవుతాయి, అదే ఆ ఉప్పుగల్లు. రాత్రి మబ్బు పట్టిందనుకోండి, కథ మొత్తం మారిపోతుంది. మన దగ్గర కూడా చలికాలంలో మబ్బు లేని రాత్రే ఎక్కువ చలి, మబ్బుంటే దుప్పటి కప్పినట్టు వెచ్చగా ఉంటుంది కదా. కొండ మీద కూడా అంతే, మబ్బు రాత్రి మంచు గడ్డకట్టదు, తెల్లారేసరికి కూడా మెత్తగానే ఉంటుంది, అలాంటి రోజు పొద్దున్నే వెళ్ళినా నిటారు వాలుల జోలికి పోకూడదంట. చాచా రోజూ లేవగానే చేసే మొదటి పని గుమ్మం ముందు మంచుని బూటు మడమతో పొడిచి చూడటం, మడమ దిగిందా, ఆ రోజు పైకి వెళ్ళడు.

ఎందుకంటే ఇది స్కీయింగ్ సరదా ఒక్కటే కాదండీ, ప్రాణాలకి సంబంధించింది. కరిగిన నీరు మంచు లోపలికి దిగి గింజకీ గింజకీ మధ్య పట్టు వదిలించేస్తుంది, పై పొర బరువెక్కి కింది పొర మీద జారిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. మార్చి ఏప్రిల్లో కూడా పడమటి నుంచి వచ్చే గాలివానలు, వాతావరణం వాళ్ళు పశ్చిమ అలజడులు అంటారు, అవి వచ్చి ఒక్క రోజులో బోలెడంత కొత్త మంచు పోసి పోతాయి, మర్నాడు తేటగా ఎండ కాస్తుంది, ఫోటోలకి అంతకన్నా మంచి రోజు ఉండదు, మంచుచరియ జారడానికీ అదే రోజు. ఆ మధ్యాన్నం చాచా నాకు ఒక వాలు చూపించాడు. నల్ల రాళ్ళ కింది నుంచి చిన్న చిన్న మంచు ఉండలు, సున్నుండలంతవి, వాటంతటవే దొర్లి కిందికి వస్తున్నాయి, వాటి వెనక గీతలు పడుతున్నాయి. అవి కనిపిస్తే ఆ వాలు కింద నిలబడకూడదు అన్నాడు. ఆ వాలు కిందే ఓ ఇరవై మంది సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేనూ ఆయనా వెళ్ళి ఇవతలికి రమ్మంటే కొందరు వచ్చారు, కొందరు మాకేం కాదులెండి అన్నారు.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్ నుంచి నాథూలా వెళ్ళే రోడ్డు మీద, 15వ మైలు దగ్గర మంచుచరియ విరిగిపడి ఏడుగురు టూరిస్టులు పోయారు. మధ్యాన్నం దరిదాపుల్లో. పాసులు 13వ మైలు వరకే ఇచ్చారు, ఇంకొంచెం ముందుకెళ్తే మంచు బాగుంటుందని వెళ్ళారు. వాళ్ళు పర్వతారోహకులు కాదు, మనలాంటి వాళ్ళు, పిల్లల్ని తీసుకుని మంచు చూపించడానికి వెళ్ళినవాళ్ళు. గుల్మార్గ్‌లో కూడా 2023 ఫిబ్రవరి 1న ఇద్దరు, 2024 ఫిబ్రవరి 22న ఒకరు, విదేశీ స్కీయర్లే, మంచుచరియల కింద పోయారు. వాళ్ళకి ఎంతో అనుభవం ఉండి కూడా! తడి మంచు ఆగిన క్షణంలో బిగుసుకుపోతుంది, చెయ్యి కదపడానికి ఉండదు, పావుగంట దాటితే బతికే ఆశ బాగా తగ్గిపోతుంది, బయట ఉన్నవాళ్ళకి తవ్వడం రాకపోతే అంతే సంగతులు.

మీ పేపర్ని నేను అడిగేది ఇక్కడే. మనకి ఏప్రిల్ మే నెలల్లో కాలవైశాఖి వస్తుంది, పిడుగులు పడే మండలాల పేర్లతో విపత్తుల సంస్థ నుంచి ఫోన్లకి మెసేజ్ వస్తుంది, మీరూ వేస్తారు, దానివల్ల పొలాల్లో జీడితోటల్లో పనిచేసేవాళ్ళు ఎంతమంది ముందే ఇళ్ళకి చేరుతున్నారో మాకు తెలుసు. మంచుచరియలకి కూడా అలాంటి హెచ్చరికలు ఉన్నాయి. చండీగఢ్‌లో రక్షణ శాఖ పరిశోధనా సంస్థ ఒకటుంది, డీజీఆర్ఈ అంటారు, వాళ్ళు హిమాలయాల్లో ఏ జిల్లాలో ఎంత ప్రమాదం ఉందో బులెటిన్ ఇస్తారు. కానీ అందులో గుల్మార్గ్ అని ఉండదు, బారాముల్లా జిల్లా, ఇన్ని మీటర్ల పైన అని ఉంటుంది. గుల్మార్గ్ బారాముల్లా జిల్లాలో ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలీదు, వెళ్ళి వచ్చాకే తెలిసింది. గుల్మార్గ్ 2,650 మీటర్లు, గోండోలా రెండో దశ దిగే చోటు దాదాపు 4,000 మీటర్లు, ఈ రెండు అంకెలు తెలియకపోతే ఆ హెచ్చరిక టీవీలో వచ్చినా మనది కాదనుకుని చానెల్ మార్చేస్తాం. ఫోన్లో చూస్తే ఎక్కువగా శ్రీనగర్ టెంపరేచరే కనపడుతుంది, అది 1,600 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, వెయ్యి మీటర్లు పైకి పోతే ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, అది కూడా లెక్క వేసుకోవాలి.

అందుకని మార్చి నుంచి మే వరకు మీ వాతావరణం పట్టీలో, జిల్లా టెంపరేచర్ల కింద, నాలుగే నాలుగు లైన్లు వెయ్యండి. కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కింలో టూరిస్టులు వెళ్ళే చోట్లు, వాటి జిల్లా పేరు, ఎత్తు, ఆ రోజు హెచ్చరిక ఏ రంగులో ఉందో. మీకు పెద్ద ఖర్చు కాదు. ట్రావెల్స్ వాళ్ళ ప్రకటనలు వేస్తున్న పేజీ పక్కనే వేస్తే ఇంకా మంచిది.

ట్రావెల్స్ వాళ్ళ పేరు రాయదల్చుకోలేదు, ఇది ఒక్కళ్ళ తప్పు కాదు, అందరి కాగితాలూ ఒకేలా ఉంటున్నాయి. వాళ్ళకి చెప్పేది ఒకటే, మార్చి దాటాక మంచు దగ్గరికి తీసుకెళ్తే రాత్రి పైనే పడుకోబెట్టండి, పొద్దున్న పూట మంచు మీదకి పంపండి, మధ్యాన్నం షాపింగులు పెట్టుకోండి. హోటల్ ఖర్చు ఎక్కువైతే ఆ మాట ముందే చెప్పి తీసుకోండి, మేం ఇస్తాం. మంచు గ్యారంటీ అని మాత్రం చెప్పకండి, అది మీ చేతుల్లో లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ నిండు చలికాలంలో మంచు లేక గడ్డి నేల కనపడింది, 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు అక్కడ ఫిబ్రవరిలో పెట్టాల్సినవి మంచు లేక ఆపేసి మార్చి 9 నుంచి 12 దాకా పెట్టారు. దేశం మొత్తం పోటీలకే గ్యారంటీ లేనప్పుడు మా ఏడుగురికి ఎక్కడ. మేమున్న మొదటి రోజు గాలి ఎక్కువని గోండోలా రెండో దశ ఆపేశారు, డబ్బులు కట్టామని ఒకాయన ఆపరేటర్ మీద అరిచాడు, ఆ కుర్రాడు ఏం చేస్తాడు, తీగ మీద వేలాడేది మనమే కదా.

ఇంకో సంగతి మర్చిపోయాను, కళ్ళు. మా వియ్యంకుడు గారు నల్లద్దాలు అక్కర్లేదన్నారు, ఎండలో తిరిగిన ఒళ్ళు మాది అని. కొత్త మంచు పైన పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, ఎత్తుకి పోయేకొద్దీ అవి ఇంకా పెరుగుతాయి, మన కోనేరు గట్టు మీద ఎండ లాంటిది కాదు అది. రాత్రికి ఆయన కళ్ళలో ఇసక పోసినట్టై నీళ్ళు కారుతూనే ఉన్నాయి, రెండు రోజులు చీకటి గదిలో పడుకున్నారు. పిల్లలకీ పెద్దలకీ నల్లద్దాలు, మొహానికి సన్‌స్క్రీన్, ముక్కు కిందా గెడ్డం కిందా కూడా రాయాలి, ఎండ కింది నుంచి కూడా తగుల్తుంది. ఇది కూడా కాగితంలో లేదు, స్వెట్టరు మంకీక్యాపు గురించి మాత్రం రెండుసార్లు రాశారు.

మా వీధిలోనే ఒక కుటుంబం ఏప్రిల్ రెండో వారంలో సిక్కిం వెళ్తోంది, ఇద్దరు చిన్నపిల్లలు. నిన్న సాయంత్రం వాళ్ళ కాగితం తెప్పించుకుని చూశాను. నాథూలా వైపు మంచు చూపించే టైం మధ్యాన్నం పన్నెండున్నర అని ఉంది. ట్రావెల్స్‌కి ఫోన్ చేసి పొద్దున్నకి మార్పించమని వాళ్ళ నాన్నకి చెప్పాను, చూస్తామన్నారంట, ఇంకా మార్చలేదు.

ఇట్లు
ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా