గ్రాఫైట్ ఫ్యాక్టరీలకు రాయితీ ఇచ్చే ముందు పిచ్ పొగ లెక్క అడగాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. బ్యాటరీ కార్ల మీద ఈ మధ్య మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. లిథియం ఎక్కడ దొరుకుతుందో, కోబాల్ట్ గనుల్లో ఏం జరుగుతోందో వివరంగా రాశారు. పెన్సిల్ ముల్లులో ఉండే కార్బన్ రకం, గ్రాఫైట్‌కు మాత్రం ఒక్క వాక్యమే దక్కింది. నిజానికి ఆ బ్యాటరీని విప్పి తూకం వేస్తే లిథియం కన్నా గ్రాఫైటే ఎన్నో రెట్లు ఎక్కువ తూగుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం వెళ్లి చేరేది ఆ గ్రాఫైట్ పొరల మధ్యకే.

ఉక్కు కొలిమిలోకి కరెంటు పంపే గ్రాఫైట్ స్తంభాలను ఎలక్ట్రోడ్లు అంటారు. నేను ఇరవై ఏడేళ్లు వాటి ఫ్యాక్టరీలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం వాటిని కాల్చే బేకింగ్ సెక్షన్‌లోనే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, మన్నించండి.

బ్యాటరీలకు పనికొచ్చే గ్రాఫైట్‌లో 90 శాతానికి పైగా ఇవాళ చైనాలోనే తయారవుతోంది. 2023 డిసెంబర్ 1 నుంచి ఆ దేశం కొన్ని రకాల గ్రాఫైట్ ఎగుమతికి పర్మిట్ తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి మిగతా దేశాలకు టెన్షన్ పట్టుకుంది. ఎవరికి వారు సొంత గ్రాఫైట్ ఫ్యాక్టరీలు కావాలంటున్నారు, వాటికి రాయితీలు, చౌక అప్పులు ప్రకటిస్తున్నారు. ఫ్యాక్టరీలు రావాల్సిందే, నేను కాదనను. ఆ పనే నా ఇల్లు నడిపింది. కానీ ప్రజల డబ్బు చేతికిచ్చే ముందు ఒక షరతు పెట్టాలి. పిచ్ పొగ ఎంత ఉందో కొలిచి ఆ లెక్క బయటపెట్టాలి. ఆ పొగలో పనిచేసిన వాళ్లకు ఉద్యోగం మానేశాక కూడా ఏటా ఆరోగ్య పరీక్షలు చేయించాలి.

పిచ్ అంటే బొగ్గు తారును కాచగా అడుగున మిగిలే నల్లటి గట్టి పదార్థం. ఎలక్ట్రోడ్ తయారీ చూడని వాళ్లకు దాని అవసరం అర్థం కాదు. ముడి చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పెట్రోలియం కోక్‌ను నలగ్గొట్టి, జల్లించి, వేడివేడి పిచ్‌తో కలుపుతారు. కోక్ రేణువులను అతికించి ఉంచేది పిచ్ ఒక్కటే. ఆ ముద్దను ప్రెస్‌లో నొక్కి స్తంభాలుగా తీస్తారు. వీటినే మేం గ్రీన్ అనేవాళ్లం, రంగు మాత్రం కటిక నలుపు. తర్వాత కొలిమిలో వారాల తరబడి, 800 డిగ్రీలు దాటించి కాలుస్తారు. పిచ్‌లో కొంత కార్బన్‌గా మారి అక్కడే గట్టిపడుతుంది, మిగిలింది ఆవిరై పైకి లేస్తుంది. అలా ఏర్పడిన సన్నని రంధ్రాల్లోకి మళ్లీ పిచ్ ఎక్కించి మళ్లీ కాలుస్తారు. చివరికి కరెంటుతో 3000 డిగ్రీల దాకా వేడి చేస్తే గాని అది గ్రాఫైట్ కాదు. కోక్ లోపలికి వెళ్లిన రోజు నుంచి సరుకు లారీ ఎక్కే రోజుకి నెలలు పడుతుంది. బ్యాటరీ గ్రాఫైట్ తయారీ దారి కొంచెం వేరు. కానీ ఆ రేణువుల మీద పలచటి పూత వేయడానికి అక్కడా సాధారణంగా వాడేది పిచ్చే.

ఈ పరిశ్రమ చరిత్ర చదివితే ఛాతీ ఉప్పొంగుతుంది. 1886లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో నేషనల్ కార్బన్ కంపెనీ మొదలైంది. రెండు కడ్డీల మధ్య కరెంటు మెరుపుతో వెలిగే అప్పటి ఆర్క్ దీపాలకు కార్బన్ కడ్డీలు కావాలి. అదే ఏడాది అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతిలో టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 400 కిలోల కార్బన్ ఖర్చవుతుంది. 1890లలో ఎడ్వర్డ్ అచెసన్ తాను కనిపెట్టిన కార్బొరండమ్‌ను (సిలికాన్, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) బాగా వేడి చేస్తే అందులోని సిలికాన్ ఆవిరైపోయి గ్రాఫైట్ మిగులుతుందని గమనించాడు. 1896లో పేటెంట్ తీసుకుని, నయాగరా జలపాతం కరెంటుతో ఫ్యాక్టరీ నడిపాడు. అప్పటిదాకా గ్రాఫైట్ అంటే గనిలో దొరికినంతే. ఆ తర్వాత మనిషి కోరినంత. ఎరూయే తర్వాత అలాంటి కరెంటు మెరుపుతోనే ఉక్కు కరిగించే ఆర్క్ కొలిమికి కూడా రూపమిచ్చాడు. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో నాలుగో వంతుకు పైగా ఆర్క్ కొలిమిల నుంచే వస్తోంది. పాత ఇనుమును కరిగించే ఆ మంటను తట్టుకుని నిలబడేది మా ఎలక్ట్రోడే.

1942 డిసెంబర్ 2న షికాగోలో మొదటి అణు రియాక్టర్ పనిచేసిందంటే దాని వెనకా కార్బన్ కంపెనీల శ్రమ ఉంది. ఆ రియాక్టర్‌ను గ్రాఫైట్ దిమ్మెలతోనే పేర్చారు. ఆ గ్రాఫైట్‌లో పది లక్షల పాళ్లకు కొద్ది పాళ్లు బోరాన్ అనే మలినం ఉన్నా రియాక్షన్‌ను నడిపే న్యూట్రాన్లను మింగేస్తుంది, రియాక్షన్ సాగదు. ఆ కాస్త బోరాన్ ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, ముడిసరుకు మార్చి, దాన్ని తగ్గించారు. శాస్త్రవేత్తల పేర్లు అందరికీ తెలుసు, కొలిమి దగ్గర నిలబడ్డ వాళ్ల పేర్లు తెలియవు.

ఆ సంగతి ఊరికే గుర్తు చేయలేదు. పది లక్షల్లో కొద్ది పాళ్లను అప్పుడే కొలవగలిగిన పరిశ్రమకు పొగలో ఏముందో కొలవడం చేతకాదంటే నేను ఒప్పుకోను.

ఇంకో చరిత్ర కూడా ఉంది. 1990లలో పెద్ద ఎలక్ట్రోడ్ కంపెనీలు లోపాయికారీగా కూడబలుక్కుని ధరలు పెంచాయి. అమెరికా కోర్టులో 1998లో యూకార్ కంపెనీ నేరం ఒప్పుకుని 11 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది జర్మనీకి చెందిన ఎస్‌జీఎల్ కార్బన్ 13.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. 2001లో యూరోపియన్ కమిషన్ ఎనిమిది కంపెనీలకు కలిపి సుమారు 21.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. పాత పగతో ఇదంతా తవ్వడం లేదు. కొద్ది కంపెనీల చేతిలోనే ఉండే సరుకులో, అడిగేవాళ్లు లేకపోతే లెక్కలు లోపలే ఉండిపోతాయని ఆ కేసులు చూపించాయి. ధర దాచిపెడితే కనీసం ఉక్కు కంపెనీలు కోర్టుకెక్కాయి. పొగ లెక్క దాచిపెడితే కోర్టుకెక్కేదెవరు?

ఇక పిచ్ సంగతి. పొగ గొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లకు మసి వల్ల చర్మ క్యాన్సర్ వస్తోందని లండన్ డాక్టర్ పెర్సివాల్ పాట్ 1775లోనే రాశాడు. బొగ్గు తారు పిచ్ మనిషికి క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి, దాన్ని మొదటి వర్గంలో పెట్టింది. మాకు ఇవన్నీ తెలియక ముందే ఒంటికి తెలిసింది. డ్యూటీ దిగి ఎండలోకి రాగానే ముఖం, మెడ భగ్గున మండేవి. పిచ్ పట్టిన చర్మానికి ఎండ పడదు. అందుకే నైట్ షిఫ్ట్ వేయమని మేమే బతిమాలుకునేవాళ్లం.

మా కొలిమి పైన క్రేన్ నడిపే అన్న ఒకాయన ఉండేవాడు. లేచిన ఆవిరంతా ముందు ఆయన క్యాబిన్‌కే చేరేది. రిటైరైన ఎనిమిదేళ్లకు మూత్రాశయ క్యాన్సర్ బయటపడింది. అది పిచ్ వల్లే వచ్చిందని నేను చెప్పలేను, ఆయన సిగరెట్లు కూడా కాల్చేవాడు. కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే ఆ క్యాబిన్‌లో గాలిని ఏ రోజు కొలిచారో, ఎంత వచ్చిందో కాగితం ముక్క కూడా మాకెవరికీ చూపించలేదు. ఆయన భార్య ఆ కాగితం కోసం రెండేళ్లు తిరిగింది.

నేను అడుగుతున్నది కొత్త విద్య కాదు. షిఫ్ట్ దిగే ముందు మూత్రంలో 1-హైడ్రాక్సీపైరీన్ ఎంత ఉందో చూస్తే ఆ మనిషి ఒంట్లోకి ఎంత పిచ్ వెళ్లిందో అంచనా దొరుకుతుంది. మూత వేసిన మిక్సర్లు, పొగను లాగి మళ్లీ కాల్చేసే యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొన్ని ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి కూడా. ఖర్చు నిజమే. కానీ రాయితీ ఇస్తున్నది ప్రజలు కాబట్టి ఆ ఖర్చు మొదటి రోజు అంచనాలోనే ఉండాలి, ఫ్యాక్టరీ కట్టేశాక తగిలించేది కాదు. పరీక్షలు మాత్రం కాంట్రాక్టు వాళ్లకు కూడా చేయాలి. కొలిమి గుంటల్లోకి దిగి ఊడ్చేది ఎక్కువగా వాళ్లే.

ఇకపై ఎక్కడైనా గ్రాఫైట్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన వార్త వేసేటప్పుడు, ఎన్ని టన్నులు, ఎన్ని ఉద్యోగాలు అన్న ప్రశ్నల పక్కనే మీ విలేకరి ఇంకో ప్రశ్న అడగాలని కోరుతున్నాను: బేకింగ్ కొలిమి మీద క్రేన్ క్యాబిన్‌లో గాలిని ఎన్ని రోజులకోసారి కొలుస్తారు, ఆ లెక్క ఎవరికి ఇస్తారు?

ఇట్లు,
కార్బన్ ఫ్యాక్టరీ బేకింగ్ సెక్షన్ రిటైర్డ్ ఆపరేటర్