నీకింకా తెలియకపోవడం గురించి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నాన్నా, ఇక్కడ మేమంతా క్షేమం. యార్డులో మిర్చి సీజను మొదలైంది కాబట్టి మీ నాన్నగారికి రాత్రి పదింటి దాకా టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలతోనే సరిపోతోంది. ఆయన గుమ్మంలో అడుగు పెడితే చాలు, ఇంట్లో అందరికీ తుమ్ములు. ఇలాంటి సంగతులు ఆదివారం ఫోనులో చెప్పుకోవచ్చు. ఫోనులో చెప్పలేనిది ఒకటి ఉండిపోయింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కనుమ నాడు అందరం వసారాలో కూర్చుని గారెలు తింటున్నప్పుడు మీ బాబాయి, "ఏమవుదామనుకుంటున్నావురా?" అని అడిగాడు. నువ్వు కాసేపు ఆలోచించి, "తెలియదు బాబాయ్" అన్నావు. నీ గొంతులో పెంకితనం లేదు. జేబులన్నీ వెతికి చూసుకుని, లేదని చెప్పినట్టుగా ఉంది. నలుగురూ నవ్వబోతున్నారని భయపడి నేను చటుక్కున, "కంప్యూటర్ సైన్స్ అంటున్నాడులే" అనేశాను. ఆ మాట నువ్వు ఎన్నడూ అనలేదు. నువ్వు నా వంక ఒక్కసారి చూసి, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయావు. నువ్వు తిరిగి హాస్టలుకు వెళ్ళేదాకా ఆ విషయం మనిద్దరం ఎత్తలేదు.

ఇందులో నాకు రెట్టింపు సిగ్గు కలిగించే సంగతి ఏమిటంటే, నీ వయసు గురించి నేను పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. బి.ఇడి.లోనూ, తర్వాత డీఎస్సీ కోసమూ, ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఎనిమిది వికాస దశలను ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేశాను. అయిదోది కౌమార దశ, పాత్ర గుర్తింపుకూ పాత్ర సందిగ్ధానికీ మధ్య జరిగే పెనుగులాట. "నేనెవరిని, ఏ పని నాది, ఏ నమ్మకాలు నావి" అని పిల్లలు తమను తాము అడుగుకునే కాలం అది. అది ఏ దశ అంటే టక్కున గుర్తు పెట్టి మార్కు తెచ్చుకున్నాను గానీ, ఆ దశ మన వసారాలోకే వచ్చి కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

ఆ సిద్ధాంతం చెప్పినాయన జీవితం మాత్రం మా గైడ్లలో ఉండేది కాదు. నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆయన 1902లో జర్మనీలో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకు చివరిదాకా తెలియలేదు. పెంచిన తండ్రి పిల్లల వైద్యుడు, కొడుకును కూడా వైద్యుణ్ణి చేయాలనుకున్నాడు. ఆ కుర్రవాడు చదువు పక్కన పెట్టి బొమ్మలు గీసుకుంటూ కొన్నేళ్ళు యూరప్ ఊళ్ళు పట్టుకు తిరిగాడు. అప్పట్లో ఎవరైనా వాళ్ళమ్మను, "మీవాడు ఏం చేస్తున్నాడు?" అని అడిగి ఉంటే ఆవిడ ఏమని చెప్పుకునేదో! చివరకు 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు, పెంచిన తండ్రి ఇంటిపేరును నడిమికి జరిపి, తనకు తానే ఎరిక్సన్ అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఎరిక్ అన్నది ఆయన సొంత పేరు; ఎరిక్సన్ అంటే ఎరిక్ కొడుకు అని అర్థం. విశ్వవిద్యాలయ పట్టా ఒక్కటీ లేకుండానే హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడు. పట్టా అక్కర్లేదని నీకు చెప్పడానికి ఇది రాయడం లేదు సుమా, ఆ మాట పట్టుకుని కూర్చోకు.

ఆయన దారిలోనే మార్షియా అనే మరొక పరిశోధకుడు 1966లో రెండు ప్రశ్నలతో ఈ విషయాన్ని తేటపరిచాడు: ఈ కుర్రవాడు వెతికాడా, ఏదైనా ఒకదానికి కట్టుబడ్డాడా? వెతికి కట్టుబడినవాళ్ళ గురించి బెంగ లేదు. వెతుకుతూ ఇంకా కట్టుబడని వాళ్ళది వాయిదా స్థితి. వెతకనూ లేదు, కట్టుబడనూ లేదు అంటే అది చెదిరిపోయిన స్థితి. ఇక వెతకకుండానే, పెద్దలు చూపించినదానికి కట్టుబడినవాళ్ళు కొందరు ఉంటారు. పైకి వీళ్ళే అందరికన్నా కుదురుగా కనిపిస్తారు, ఇంటికి వచ్చిన చుట్టాలు వీళ్ళనే మెచ్చుకుంటారు. నేను ఆ కోవలోని దాన్ని.

నేను పదో తరగతిలో ఉండగానే, ఆడపిల్లకు పంతులమ్మ ఉద్యోగాన్ని మించినది లేదని మీ తాతయ్య తేల్చేశారు. నేను ఎదురు చెప్పలేదు, ఎదురు చెప్పాలని అనిపించనూ లేదు. ఈ ఉద్యోగం నన్ను నిలబెట్టింది, మన ఇంటిని నడిపింది, బడి అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అయితే నలభై దాటాక ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్ల, "మీరు టీచరే ఎందుకయ్యారు మేడమ్?" అని అడిగితే, బోర్డు వైపు తిరిగి తారీఖు రాసుకుంటూ నిలబడిపోయాను. ఇష్టపడటం వేరు, ఎంచుకోవడం వేరు. ఆ రెండో దాని గురించి నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. మీ తాతయ్య మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలిసిన భద్రత అదే.

నీ విషయంలో మేము చేసిందీ దాదాపు అదే. పదో తరగతి సంక్రాంతి సెలవులకే కాలేజీల పీఆర్వోలు మన గడప తొక్కారు. నీకు పదిహేనేళ్ళు నిండిన కొన్నాళ్ళకే ఎంపీసీ అని దరఖాస్తులో రాసి సంతకం పెట్టాము. ముందూ వెనకా చూసి నిర్ణయించే మెదడు ముందుభాగం 25 ఏళ్ళ దాపుల దాకా పక్వమవుతూనే ఉంటుందని క్లాసులో పాఠం చెప్పేది నేనే, దరఖాస్తు నింపింది నేనే. ఏదీ తేల్చుకోకుండా వెతుక్కోవడానికి ఎరిక్సన్ చెప్పిన వాయిదా కాలాన్ని సమాజం పిల్లలకు ఇవ్వాలి. మన దగ్గర అది ఇంటర్ అడ్మిషన్ల కౌంటరు దగ్గరే అయిపోతోంది.

హాస్టలు గేటు దగ్గరికి క్యారియరు పట్టుకుని రావద్దని నువ్వు అన్నప్పుడు నేను నొచ్చుకున్న మాట నిజం. బెజవాడ నుంచి బస్సులో వస్తూ మంగళగిరి దాకా ఏడ్చాను కూడా. ఆ వయసులో ప్రతివాళ్ళూ తననే చూస్తున్నారన్న భావన ఉంటుందని, ఊహల్లోని ప్రేక్షకుల ముందు నడుస్తున్నట్టు ఉంటుందని 1967లోనే ఎల్కిండ్ అనే ఆయన రాశాడు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదులే. అయినా ఇకమీదట ఆఫీసు గదిలో ఇచ్చి వచ్చేస్తాను.

నీ మీద నాకున్న పాత ఫిర్యాదును కూడా ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. ఏడో తరగతిలో మృదంగం, ఎనిమిదిలో చదరంగం, తొమ్మిదిలో మీ మామయ్య కెమెరా. ఏదీ ఏడాది దాటలేదని, "నీకు దేని మీదా నిలకడ లేదు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. గాంధీగారు 1888లో లండన్‌కు వెళ్ళిన కొత్తల్లో దొరలా కనిపించాలని మూడు పౌన్లు పెట్టి వయొలిన్ కొన్నాడు, నాట్యం క్లాసుల్లో చేరి మూడు వారాల్లో మానేశాడు, ఉపన్యాస కళ నేర్పే మాస్టారునూ కుదుర్చుకున్నాడు. మూడు నెలలకు ఆ పిచ్చి వదిలింది. వయొలిన్‌ను ఎంతకు పోతే అంతకు అమ్మిపెట్టమని నేర్పే ఆవిడనే అడిగాడు. ఇది తనది కాదు అని తెలుసుకోవడానికి కూడా ఒక వయొలిన్ కావలసి వచ్చింది.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. నీ "తెలియదు" వెతుకుతున్నవాడి "తెలియదు"గానే ఉండాలి. నాకు భయమల్లా ఆ చెదిరిపోయిన స్థితి అంటేనే. ఎంపీసీ చదివినంత మాత్రాన ఇంజనీరింగ్ ఒక్కటే దిక్కు కాదు. అయిదేళ్ళ లా కోర్సుకు ఏ గ్రూపువాళ్ళైనా వెళ్ళవచ్చు, బి.ఏ.లో చేరవచ్చు, బెజవాడలోనే ప్లానింగ్, ఆర్కిటెక్చర్ నేర్పే కేంద్ర సంస్థ ఉంది. ఇంజనీరింగ్ కూడా ఆ వరుసలో ఒకటి, దాన్ని నా మీద కోపంతో కొట్టేయవద్దు. ముందు మార్చి పరీక్షలు బాగా రాయి. మిగిలినవి వేసవిలో ఒక్కొక్కటిగా వెళ్ళి చూద్దాము, కావాలంటే నువ్వొక్కడివే వెళ్ళి చూసి రా.

మీ బాబాయికి నిన్న ఫోను చేసి, కంప్యూటర్ సైన్స్ అన్నది నా మాటేనని, నీది కాదని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "ఆ రోజే అర్థమైంది వదినా" అన్నాడు.

మరొక సంగతి. అటక మీది మృదంగాన్ని వీధి చివర సంగీతం మాస్టారు కొత్తగా చేరిన పిల్లవాడి కోసం అడుగుతున్నారు. ఇచ్చేయనా, ఉంచనా? నేను ఏమీ చెప్పకుండా, మావాణ్ణి అడిగి చెబుతానన్నాను. ఆదివారం ఫోను చేసినప్పుడు చెప్పు.

ఇట్లు,
అమ్మ