బ్రిడ్జి కోర్సులో టీచింగ్ ప్రాక్టీసు నిజంగా జరగాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్న బీఈడీ టీచర్లకు ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) ద్వారా చిన్న తరగతుల బోధన నేర్పే ఆరు నెలల బ్రిడ్జి కోర్సు అన్న వార్త వచ్చినప్పటి నుంచి మా స్టాఫ్ రూముల్లో ఇదే చర్చ. ఆరు నెలల దూరవిద్యతో చిన్నపిల్లల టీచరు అయిపోతారా అని కొందరు. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవాళ్లకి మళ్లీ ఈ కోర్సేమిటని ఇంకొందరు. వాదన అంతా నెలల లెక్క చుట్టూ తిరుగుతోంది. ఇలాంటి దారిలోనే సర్టిఫికెట్ తెచ్చుకున్న టీచర్ని నేను. అందులో ఏది పనికొచ్చిందో, ఏది కాగితం మీదే మిగిలిపోయిందో దగ్గరుండి చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చినప్పుడు శిక్షణ లేని టీచర్లు అర్హత తెచ్చుకోవడానికి ఐదేళ్ల గడువు ఇచ్చింది. గడువు దాటినా లక్షల మంది అలాగే ఉండిపోయారు. ఎక్కువ మంది మాలాంటి చిన్న ప్రైవేటు బడుల వాళ్లే. 2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించి గడువును 2019 మార్చి 31కి జరిపింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉండరన్నారు. అప్పుడే ఎన్‌ఐఓఎస్ డీఎల్‌ఎడ్ మొదలైంది. ప్రాథమిక టీచర్ల డిప్లొమా అది. పద్దెనిమిది నెలల కోర్సు, పాఠాలు స్వయం పోర్టల్‌లో, టీవీలో స్వయంప్రభ ఛానెల్లో, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో కాంటాక్ట్ క్లాసులు. దేశం మొత్తం మీద 10 లక్షలకు పైగా టీచర్లు అందులో చేరారు. ఇంత పెద్ద సంఖ్యలో పనిచేస్తూనే శిక్షణ తీసుకోవడం మన దేశంలో చాలా అరుదు.

నేను డిగ్రీ అవగానే పెళ్లై, ఇద్దరు పిల్లల తర్వాత ఊళ్లోనే ఉన్న ఇంగ్లిష్ మీడియం బడిలో చేరాను. టీచర్లకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ డైట్ కాలేజీలో రెండేళ్లు కూర్చుని చదివే పరిస్థితి నాకు లేదు. నాతో పాటు ఆ స్టడీ సెంటర్‌కి వచ్చినవాళ్లలో చాలామందికి లేదు. ఆదివారం పొద్దున్నే వంట ముగించి, పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి బస్సెక్కి వచ్చేవారు. ఒకామె చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చేది, బిడ్డ ఏడిస్తే వరండాలోకి వెళ్లి అక్కడి నుంచే పాఠం వినేది. ఇలాంటి వాళ్లకి చదువుకునే దారి ఒకటి తెరిచినందుకు ఆ కోర్సును తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

అందులో నేర్చుకున్నదీ తక్కువేం కాదు. రెండో తరగతికి నేను లెక్కలు చెబుతాను. 52 లోంచి 38 తీసెయ్యమంటే సగం మంది పిల్లలు 26 అని రాస్తారు. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీసేస్తారు, పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలనే వాళ్లకి తెలుసు. అంతకుముందు మేమంతా చేసిందేమిటంటే, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో అని చెప్పి, ఐదు కొట్టేసి నాలుగు రాయించి, పదిసార్లు దిద్దించడం. ఎందుకు కొట్టేయాలో ఏ పిల్లకీ తెలిసేది కాదు. లెక్కల బోధన మీద కాంటాక్ట్ క్లాసు తీసుకున్న రిటైర్డ్ మాస్టారు చీపురు పుల్లలు ముక్కలు చేసి పదేసి కట్టలు కట్టించారు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఎనిమిది పుల్లలు ఇమ్మంటే ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే చేతిలో పన్నెండు పుల్లలు, ఎనిమిది ఇచ్చేస్తే నాలుగు. మిగిలిన నాలుగు కట్టల్లోంచి మూడు ఇచ్చేస్తే ఒకటి. పద్నాలుగు. మర్నాడే మా క్లాసులో చేయించాను. అప్పు అనే మాటే వాడకుండా పిల్లలు కట్టలు విప్పుకున్నారు. తప్పు రాసిన పిల్లని కొట్టకుండా ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలని ఆ మాస్టారు చెప్పిన మాట నా ఉద్యోగం తీరునే మార్చేసింది.

ఇక కాగితం మీద మిగిలిపోయిన భాగం. కోర్సులో టీచింగ్ ప్రాక్టీసు అని ఒక పేపరు ఉంది. పాఠ్యప్రణాళిక రాసుకుని పాఠం చెప్పాలి, అనుభవం ఉన్నవాళ్లు వెనక బెంచీలో కూర్చుని చూడాలి, ఏది బాగుందో ఏది మార్చుకోవాలో చెప్పాలి, మార్కులు వేయాలి. నా పాఠాలు చూడటానికి మా క్లాసులోకి ఎవరూ రాలేదు. రికార్డు మీద సంతకాలు మాత్రం అన్ని పేజీల్లోనూ పడ్డాయి. మా బ్యాచ్‌లో అందరిదీ దాదాపు ఇదే కథ. పాఠ్యప్రణాళికలు రాసి ఉన్న రికార్డులు జిరాక్స్ షాపుల్లో దొరికేవి, పేరు మార్చి రాసుకుంటే చాలు. దీనికి అక్కడి మాస్టార్లను తప్పు పట్టను. ఒక్కొక్కరికి అంతమందిని అప్పగించి, బడి పనిరోజుల్లోనే వెళ్లి చూడమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? వాళ్లకీ వాళ్ల బడులు ఉన్నాయి. అసలు ఈ పని ఎవరు, ఎప్పుడు చేయాలన్నదే ఆలోచించకుండా కోర్సు తయారైంది.

ఈ ఖాళీయే తర్వాత మా మెడకు చుట్టుకుంది. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ నియామకాల కేసులో సుప్రీంకోర్టు పద్దెనిమిది నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదంది. 2025 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ కేసులో, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి గడువులోగా కోర్సు పూర్తిచేసిన వాళ్లకు అది చెల్లుతుందని చెప్పింది. ఈ మధ్యలో ఎంతమంది ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్న వాళ్లు అది పనికొస్తుందో లేదో తెలియక వకీళ్ల చుట్టూ తిరిగారు. రెండు తీర్పుల్లోనూ చర్చ అంతా నెలల మీదా తేదీల మీదా. కోర్టు చట్టాన్ని చూస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పద్దెనిమిది నెలల్లో ప్రతి టీచరు పాఠాన్నీ ఒకరు కూర్చుని చూసి, దిద్ది ఉంటే, ఆ చదువు సరిపోతుందా అన్న అనుమానమే జనంలో ఇంత బలంగా ఉండేది కాదు.

బీఈడీ వాళ్ల విషయంలోనూ ఇదే కనబడుతోంది. 2018 జూన్ 28 నాటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్ వాళ్లను ఒకటి నుంచి ఐదు తరగతులకు అనుమతిస్తూ, ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలని చెప్పింది. కోర్సు మాత్రం ఏళ్ల తరబడి మొదలవలేదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్నే కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసమే ఇప్పుడీ బ్రిడ్జి కోర్సు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డీఎస్సీలో ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ప్రాథమిక తరగతుల) పోస్టులకు బీఈడీ వాళ్లను అనుమతిస్తే హైకోర్టు ఆపింది. ఆ అభ్యర్థుల బాధ నాకు అర్థమవుతుంది, వాళ్లలో మా బడిలో పనిచేసినవాళ్లూ ఉన్నారు. అయినా ఆరేళ్ల పిల్లకి అక్షరం నేర్పడం వేరే విద్య అన్న మాటతో నేను ఏకీభవిస్తాను. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పడానికి తయారైన మనిషి, పెన్సిల్ పట్టుకోవడం రాని పిల్ల ముందు కూర్చున్నప్పుడు పడే ఇబ్బందిని చాలాసార్లు చూశాను. అది తెలివి తక్కువై వచ్చే ఇబ్బంది కాదు, ఎవరూ చూపించకపోవడం వల్ల వచ్చేది.

అందుకే నా విన్నపం ఒక్కటే. ఈ బ్రిడ్జి కోర్సులో గానీ, ముందు ముందు వచ్చే ఏ ప్రత్యామ్నాయ కోర్సులో గానీ, క్లాసులో కూర్చుని పాఠం చూడటమన్నది రికార్డుకి వదిలేయకూడదు. ఉమ్మడి జిల్లాకో డైట్ ఉంది, అక్కడ ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులు నింపాలి. రిటైరైన మంచి ప్రాథమిక టీచర్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు, గౌరవ వేతనం ఇచ్చి ఒక్కొక్కరికి పదిమందికి మించకుండా అప్పగిస్తే సంతోషంగా వస్తారు. వచ్చిన రోజు ఏ పాఠం చూశారు, ఏం చెప్పారు అన్నది రెండు పేరాలు రాసి టీచరు చేతికే ఇవ్వాలి. సంతకం ఒక్కటే ఉన్న పేజీకి మార్కులు వేయకూడదు.

ప్రైవేటు యాజమాన్యాలకి కూడా ఒక మాట. శిక్షణ లేని టీచరు చేత పాఠాలు చెప్పించుకుంటూ, తనిఖీకి వచ్చినప్పుడు వేరెవరిదో సర్టిఫికెట్ చూపించే బడులు ఇంకా ఉన్నాయి. ఆ టీచరును కోర్సులో చేర్చి, కాంటాక్ట్ క్లాసు రోజున జీతం కోయకుండా పంపితే సరిపోయే దానికి ఈ దొంగతనం ఎందుకు? మండల విద్యాధికారులు బడి గుర్తింపు పునరుద్ధరణ సమయంలో టీచర్లను పిలిచి నేరుగా అడిగితే అరగంటలో తేలిపోతుంది.

2017లో ఇచ్చినట్టు ఒక్కసారి తలుపు తెరిచి మూసేయడం కూడా సరికాదు. ఇప్పటికీ మా చుట్టుపక్కల బడుల్లో ఇంటర్, డిగ్రీ చదివి ఏ శిక్షణా లేకుండా ఒకటో తరగతి చెబుతున్న అమ్మాయిలు ఉన్నారు. నాకు దొరికిన కోర్సు వాళ్లకి లేదు, ఎందుకంటే అది 2019తో ముగిసింది. పనిచేస్తూ చదువుకునే డీఎల్‌ఎడ్ ఒకటి ఏటా నడవాలి. కోర్సు రెండేళ్లు పడుతుందంటే రెండేళ్లే పట్టనివ్వండి, వాళ్లు చదువుతారు. బ్రిడ్జి కోర్సు మొదటి బ్యాచ్ బయటికి వచ్చేలోపే పాఠశాల విద్యాశాఖ ఈ పరిశీలకుల జాబితాను జిల్లాల వారీగా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం జిల్లా.