మందుల చీటీ ఎక్కడ ఆగుతోంది?

సంపాదకులకు,

మందుల షాపులో గంటసేపు నిలబెట్టారనో, సగం మందులిచ్చి మిగతావాటికి రేపు రమ్మన్నారనో జనం విసుక్కోవడంలో తప్పు లేదు. అయితే ఆ విసుగంతా కౌంటరులో ఉన్న మనిషి మీదికే పోతోంది. ఆగిపోయిన చీటీలను ఒక్కొక్కటీ విప్పి చూస్తే చిక్కు చాలావరకు ఆ కాగితం మీదే దొరుకుతుంది. డాక్టరు గది దాటకముందే అర నిమిషంలో సరిచేయించుకోగలిగిన చిక్కులవి.

బీపీకి, గుండెకు రాసే మెటోప్రొలాల్‌నే తీసుకోండి. చీటీ మీద 'మెటోప్రొలాల్ 50' అని మాత్రమే ఉంటే ఫార్మసిస్టుకు చెయ్యి ఆడదు. ఈ మందు రెండు రకాల లవణాలుగా వస్తుంది. టార్ట్రేట్ మామూలు మాత్ర, సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. సక్సినేట్ నెమ్మదిగా మందు వదిలే మాత్ర, రోజుకొకటి. పేరూ అంకే ఒకటే అయినా ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చేస్తే కుదరదు. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేయడం తేలికే, కానీ అలా పంపని షాపునే నమ్మాలి. అక్కడినుంచి డాక్టరుకు ఫోను వెళ్లాలి, ఆయనేమో ఇంకో రోగిని చూస్తూంటారు, మీరు ఇక్కడ నిలబడే ఉంటారు. చీటీలో ఆ ఒక్క మాట పడి ఉంటే ఇదంతా లేదు.

అంకెలతో వచ్చే ముప్పు ఇంకా పెద్దది. ముందు సున్నా పెట్టకుండా '.5' అని రాస్తే చుక్క కనపడక 5 అవుతుంది. '1.0' అని రాస్తే 10 అవుతుంది. రెండుచోట్లా పదింతల తేడా. ఇన్సులిన్ 10 పక్కన 'యూనిట్లు' అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు 'యు' అక్షరం తగిలిస్తే అది సున్నాలా కనపడి 100 అయి కూర్చుంటుంది. మెథోట్రెక్సేట్‌దైతే అంకెతో పనిలేని ప్రమాదం. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. అందుకే 'వారానికి ఒకసారి' అన్న మాటతో సరిపెట్టకుండా 'సోమవారం మాత్రమే' అని రోజు పేరు రాయించుకోవాలి.

ఇక లెక్కలు. పిల్లలకు ద్రవ మందు 5 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు, 7 రోజులు అని రాస్తారు. మొత్తం 105 మిల్లీలీటర్లు. సీసా 100 మిల్లీలీటర్లదైతే ఆఖరి డోసు ఉండదు. ఆ ఒక్క చెంచాకు ఇంకో సీసా ఎందుకని అమ్మకపోతే కోర్సు తరిగిపోతుంది, అమ్మితే దోపిడీ అంటారు. యాంటీబయాటిక్ పొడిలో నీళ్లు కలిపాక కొన్నిరకాలు వారానికే పనికిరాకుండా పోతాయి గనుక, మిగిలింది దాచుకునే వీలూ లేదు. ఇన్సులిన్ పెన్నుదీ ఇదే తంతు. 3 మిల్లీలీటర్ల పెన్నులో 300 యూనిట్లుంటాయి. రోజుకొక సూదితో 24 యూనిట్లు తీసుకునేవారికి 12 రోజులు వస్తుందని కాగితం మీద లెక్క. కానీ ప్రతిసారీ సూది పనిచేస్తోందో లేదో చూడ్డానికి 2 యూనిట్లు బయటికి వదలాలి. అంటే రోజుకు 26, పన్నెండో రోజున పూర్తి డోసు ఉండదు. ముందే అయిపోయిందేమిటని రోగిని నిలదీస్తే ఆయన మాత్రం ఏం చెప్తాడు?

మాత్రల స్ట్రిప్పులది మరో గోల. ఒక మందు 10, ఇంకొకటి 14, మూడోది 15 మాత్రల స్ట్రిప్పుల్లో వస్తుందనుకోండి. మూడూ ఒకేరోజు మొదలుపెట్టి రోజుకొకటి వేసుకుంటూ నిండు స్ట్రిప్పులే కొంటూ పోతే, మూడూ కలిసి ఒకేరోజు ఖాళీ అయ్యేది 210వ రోజున. ఈలోపు షాపు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలో! కత్తిరించి ఇవ్వమంటే షాపువాళ్లు మొహం చిట్లించడానికీ కారణముంది: చాలా స్ట్రిప్పుల మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక చివరనే ఉంటాయి. ఆ ముక్క పోతే మిగిలినదానికి పేరూ ఊరూ ఉండదు. దీనికి మందు ఒకటే. ఒక నెలకు మాత్రం ఒక్కో మందు ఎన్ని తక్కువైతే అన్ని మాత్రలు అదనంగా రాయించుకుని, అన్నీ ఒకే తేదీకి అయిపోయేలా సర్దుకోవాలి. ఇంట్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుని వెళితే ఫార్మసిస్టే ఈ లెక్క వేసిపెడతారు.

షాపుల తప్పేమీ లేదని మా వాదన కాదు. రాసిన కంపెనీ మందు లేదని అదే మందు వేరే పేరుతో ఇచ్చి, ఆ సంగతి చెప్పకపోవడం పెద్ద తప్పు. ఇంట్లో ఉన్న పాత పేరు మాత్ర, కొత్త పేరు మాత్ర రెండూ వేసుకుని డోసు రెట్టింపు చేసుకునేది ఇలాగే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, థైరాయిడ్ మాత్రల్లాంటివాటికి మోతాదులో కొద్ది తేడా కూడా పడదు. కంపెనీ మారితే డాక్టరుకు తెలియాలి, అవసరమైతే రక్తపరీక్ష చేయించాలి. అలాగే 40 మిల్లీగ్రాముల మాత్ర లేక రెండు 20లు ఇచ్చేటప్పుడు కవరు మీద 'ఒకటి' కొట్టేసి 'రెండు' అని రాయకపోతే, ఆ మనిషి నెలంతా సగం మందుతోనే గడుపుతాడు.

కంప్యూటరు చీటీలు వచ్చాక చేతిరాత పీడ కొంత విరగడైంది గానీ, జాబితాలో పక్కపక్కనే ఉండే పేర్ల మీద వేలు జారుతోంది. హైడ్రాలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ దురదకు. మొదటి నాలుగక్షరాలు కొట్టగానే రెండూ ప్రత్యక్షం. అచ్చు శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానమే రాదు. డాక్టర్లకు మా విన్నపం ఇక్కడే: ప్రతి మందు పక్కన అది దేనికో ఒక్క ముక్క రాయండి. 'దురదకు' అని ఉన్న చీటీకి బీపీ మాత్ర పేరు పడితే కౌంటరులోనే పట్టుబడుతుంది, కౌంటరు దాటినా ఇంట్లో చదివినవాళ్లు పట్టుకుంటారు.

ఇట్లు,
మందుల కౌంటరు వెనక పనిచేసే కొందరు ఫార్మసిస్టులు